భయం తగిలిన మనసుకు మునగాకు, ఎర్రగడ్డ (ఉల్లిపాయ): సారం పోకుండా వండే తీరు

ఘాట్ రోడ్డు ప్రమాదం కళ్లారా చూసినవాళ్లు, 2021 నవంబరు వరదలో ఇల్లు మునిగినవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: ఆ రోజు మాత్రం కళ్లముందు నుంచి పోదు, పొద్దున ఏం తిన్నామో గుర్తుండదు. మెదడులో భయాన్ని పట్టి ఉంచే భాగం అమిగ్డలా అతిగా పనిచేస్తూ, కొత్త జ్ఞాపకాలను పేర్చే భాగం హిప్పోక్యాంపస్ ఒత్తిడికి నలిగిపోతే ఇలా అవుతుంది.

ఆకుల్లో, తొక్కల్లో సహజంగా ఉండే ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు ఈ నలుగుబాటును తగ్గించినట్టు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అయితే వాటికిచ్చింది శుద్ధి చేసిన పదార్థం, బరువును బట్టి కొలిచిన మోతాదు. అంత మోతాదు కంచంలోంచి రాదు. 2023లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో పెద్దవయసువాళ్లకు రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ (కోకో గింజల్లోని ఒక రకం ఫ్లేవనాయిడ్లు) ఇచ్చి చూస్తే, అంతకుముందు సరైన తిండి లేనివాళ్లకే జ్ఞాపకం కొంత మెరుగైంది. అది వయసు మరుపు గురించి, భయం గురించి కాదు. కాబట్టి తిండి చికిత్సకు తోడే. పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. చచ్చిపోవాలన్న మాట నోటివెంట వస్తే ఆ రోజే తీసుకెళ్లండి. రాత్రైనా పగలైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

ఇక వంటకు వద్దాం. ఎర్రగడ్డలో క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్ ఎక్కువగా ఉండేది పై పొరల్లోనే. ఎండు పొట్టు మాత్రం తీయండి. దాంతోపాటు రెండు పచ్చి పొరలు లాగేస్తే మంచి భాగం చెత్తబుట్టకు పోయినట్టే. ఎర్రటివి 100 గ్రాములు తింటే సుమారు 20 నుంచి 50 మిల్లీగ్రాములు అందుతుంది. మెత్తబడేదాకా మగ్గిస్తే చాలు, నల్లగా మాడ్చకండి. ఇది ఒంట్లో ఒకటి రెండు రోజులకు మించి నిలవదు, అందుకే ఆదివారం ఒక్కరోజే గంపెడు తినేకంటే రోజూ కొంచెం మేలు.

మునగాకును ముందు కడిగి, తర్వాత దూయండి. నలుగురికి ఒక కప్పు కందిపప్పు ఉడికించి, అందులో రెండు కప్పుల ఆకు వేసి మూతపెట్టి ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. చేదని ఆకును విడిగా ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే ఫ్లేవనాయిడ్లు ఆ నీళ్లతోనే పోతాయి; చేదు పోవడానికి చింతపండు పులుసు వేయండి, లేదా ఆ నీళ్లు చారులో కలపండి. పప్పు తొందరగా ఉడకాలని వంటసోడా వేస్తే ఫ్లేవనాయిడ్లతోపాటు బి1 విటమిన్ కూడా చెడిపోతుంది.

సంగటిలోకి ఊరిబిండి నూరేటప్పుడు శెనక్కాయల ఎర్రపొట్టు ఊదేయకండి. బూజుపట్టినవి, చేదువి ఒక్కటి కూడా వేయకండి, విషం. నేరేడు కాలంలో తొక్కతో సహా గుప్పెడు తినండి.

టీలో కూడా ఫ్లేవనాయిడ్లు ఉంటాయి గానీ కెఫీన్ నిద్ర చెడగొడుతుంది. భయం తగిలినవాళ్లకు నిద్రే మొదటి మందు, కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. అన్నం తిన్న వెంటనే తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి.

క్వెర్సెటిన్ మాత్రలు సొంతంగా కొనకండి. మానసిక మందులు వాడుతుంటే పంపరపనస తినే ముందు డాక్టరును అడగండి: కొన్ని మందులు రక్తంలో మోతాదు మించి పేరుకుంటాయి. రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూర మానక్కర్లేదు, ఒక్కసారిగా పెంచకూడదు; రోజూ ఒకే కొలత తినండి.