బాణాల బొమ్మ చదవడం – 4వ పాఠం: ఉబ్బసంలో కళ్లె ఎందుకంత ఊరుతుంది?

కిందటి పాఠంలో రెండు గుర్తులు నేర్చుకున్నాం. గీత కొసన బాణం ఉంటే ‘లేపుతుంది’ అని, అడ్డుగీత ఉంటే ‘అణుస్తుంది’ అని చదవాలి. ఈసారి ఆ రెండింటితో ఒక అసలు బొమ్మే గీద్దాం. తెల్లకాగితం, పెన్సిలు తెచ్చుకోండి. పెన్ను వద్దు, మధ్యలో ఒకచోట చెరపాల్సి వస్తుంది.

ఉబ్బసం అనగానే పిల్లికూతలు, ఇన్‌హేలరు గుర్తొస్తాయి. గాలిగొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకోవడం సగం సంగతే. మిగతా సగం కళ్లె. ఉబ్బసం ముదిరి ప్రాణం పోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలకు జిగట బిరడాలు పడి ఉండటం డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నారు. సాల్బుటమాల్ పీలిస్తే కండరం వదులవుతుంది గానీ బిరడా కరగదు. మామూలుగా కళ్లెలో 97 శాతం దాకా నీళ్లే. ఆ మిగిలిన కాస్తలో ఉండే మ్యూసిన్ ప్రోటీన్లదే జిగట అంతా. ఉబ్బసంలో బాగా పెరిగే మ్యూసిన్ పేరు మక్5ఏసీ. కాగితం అడుగున ఆ పేరు రాయండి.

పైన ‘ఐఎల్-13’ అని రాయండి. ఇది కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్. అలర్జీ రేగినప్పుడు టీహెచ్2, ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు దీన్ని వదులుతాయి. గాలిగొట్టం లోపలి పొర కణాల మీద దీన్ని అందుకునే రిసెప్టర్ ఉంటుంది. అది రెండు ముక్కల జత: ఐఎల్-4ఆర్ ఆల్ఫా, ఐఎల్-13ఆర్ ఆల్ఫా1. మొదటిదాని పేరులో 4 ఎందుకుందో చివర్లో పనికొస్తుంది, సున్నా చుట్టి పెట్టుకోండి. రిసెప్టర్ లోపలి కొసన జాక్1, టిక్2 అనే ఎంజైములు స్టాట్6 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఫాస్ఫేట్ తగిలిన స్టాట్6లు రెండేసి జతకట్టి కేంద్రకంలోకి పోతాయి.

ఇక్కడ అందరి చెయ్యీ ఒకలాగే జారుతుంది. స్టాట్6 నుంచి మక్5ఏసీకి తిన్నగా బాణం లాగేస్తాం. లాగారా? చెరపండి. మధ్యలో ఎస్‌పీడీఈఎఫ్ అనే ఇంకో ప్రోటీన్ ఉంది. ఐఎల్-13 తగిలాక పొర కణాలు కళ్లె కణాలుగా మారడానికి రోజులు పట్టేది ఈ మజిలీల వల్లే. ఎస్‌పీడీఈఎఫ్ కింద మరో పేరు రాయండి: ఫాక్స్ఏ2. ఎస్‌పీడీఈఎఫ్ నుంచి దానికి అడ్డుగీత, దాన్నుంచి కళ్లెకు ఇంకో అడ్డుగీత. చదవండి చూద్దాం. ఫాక్స్ఏ2 కళ్లెను అణుస్తుంది, ఎస్‌పీడీఈఎఫ్ ఫాక్స్ఏ2ను అణుస్తుంది. కావలివాణ్ణి ఇంటికి పంపేస్తే చేలో పశువులు పడతాయి, ఎవరూ తోలక్కర్లేదు. వరసగా రెండు అడ్డుగీతలు వస్తే ఒక బాణం కింద లెక్క. ఎలుకల ఊపిరితిత్తుల పొరలో ఫాక్స్ఏ2 జీన్ తీసేస్తే, బయటి నుంచి ఏ అలర్జీ పెట్టకుండానే కళ్లె కణాలు పెరిగాయి.

ఆ చివరి వాక్యమే ఈ పాఠానికి ఆయువుపట్టు. ఏ బాణం కనబడినా ‘ఏం తీసేసి చూశారు?’ అని అడగాలి. జవాబు లేని బాణం ఊహ మాత్రమే, దాన్ని చుక్కలగీతగా గీయండి. మన బొమ్మ పైభాగానికి జవాబు 1998లో దొరికింది. ఎలుకల్లో ఐఎల్-13ను అడ్డుకుంటే కళ్లె తగ్గింది, గొట్టాల చికాకూ (కాస్త రేగినా బిగుసుకుపోయే గుణం) తగ్గింది. కానీ అది తిన్నగా పొర కణాల మీద పనిచేస్తోందా, ముందు వాపు తెచ్చి, ఆ వాపు ద్వారా కళ్లె తెస్తోందా? రెండు బొమ్మలూ ఆ ఫలితానికి సరిపోతాయి.

2002లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన ప్రయోగం నాకు భలే ఇష్టం. ఐఎల్-13 ఊపిరితిత్తుల్లో పొంగిపొర్లే ఎలుకలను తీసుకున్నారు. వాటి ఒళ్లంతా స్టాట్6 లేకుండా చేసి, గాలిగొట్టం పొర కణాల్లో మాత్రం తిరిగి పెట్టారు. వాపు రాలేదు. కళ్లె మాత్రం వచ్చింది, గొట్టాల చికాకూ వచ్చింది. అంటే ‘ఐఎల్-13, వాపు, కళ్లె’ అన్న వరస తప్పనిసరి కాదు, పొర కణానికి తిన్నగా బాణం ఉంది.

ఒక్క జాగ్రత్త. ఇదంతా కళ్లె తయారీ బొమ్మ. తయారైన మ్యూసిన్ కణంలో సంచుల్లో ఉంటుంది. దాన్ని బయటికి కక్కించే దారి వేరు. అక్కడ ఏటీపీ అనే చిన్న అణువు, కాల్షియం చక్రం తిప్పుతాయి, పని క్షణాల్లో అయిపోతుంది. రెండింటినీ ఒకే కాగితం మీద ఇరికించకండి, ఆ దారిని 5వ పాఠంలో గీద్దాం.

ఈ వారం పని: లెబ్రికిజుమాబ్ ఒక్క ఐఎల్-13నే పట్టే యాంటీబాడీ. ఉబ్బసం మీద పెద్ద ట్రయల్స్‌లో అది నిలకడగా ఫలితం చూపలేదు. డుపిలుమాబ్ ఐఎల్-4ఆర్ ఆల్ఫాను మూసేస్తుంది. అమెరికాలో 2018లో ఉబ్బసానికి దానికి అనుమతి వచ్చింది. రెండు మందులకూ మీ బొమ్మలో ఒక్కో అడ్డుగీత గీయండి. తేడాకు ఒక కారణం ఊహించి, చుక్కలగీతతో చూపించండి. సున్నా చుట్టిన 4 దగ్గర మొదలుపెట్టండి.