టైమ్‌షేర్ కొంటున్నారా? బ్లూ సీజన్ తీసుకుని మే నెలకు మార్చుకోవచ్చంటే నమ్మకండి

ఎండాకాలం సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మీరు ఎగ్జిబిషన్‌లో నింపిన కూపన్‌కు గిఫ్ట్ తగిలింది, భార్యాభర్తలు ఇద్దరూ వచ్చి తీసుకెళ్లాలి" అని. ఈ మధ్యే సూర్యాపేట వైపు మా చుట్టాల్లో ఒక టీచర్ల జంట ఇట్లాగే ఎల్బీ నగర్ దగ్గర ఒక హోటల్‌కు వెళ్లారు. భోజనం టైమ్‌కు క్రెడిట్ కార్డు గీకడం అయిపోయింది, ఒప్పందం మాత్రం తిరుగు బస్సులో చదువుకున్నారు. వాళ్లకు అమ్మింది టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రాత్రులు రిసార్టులో ఉండే మెంబర్‌షిప్. అందులోనూ అడుగున ఉండే బ్లూ సీజన్, జూలై లాంటి వానల వారాలు. ఇద్దరూ స్కూలు టీచర్లు, ఇద్దరు పిల్లలూ స్కూల్లోనే, బ్లూ సీజన్‌లో ఏ స్కూలుకూ సెలవులు ఉండవు. "ఎక్స్‌ఛేంజ్‌లో మార్చుకోవచ్చు అన్నారు కదా" అని ఆ అమ్మాయి ఇప్పటికీ అంటూనే ఉంది.

నేను రాసేది ఆ ఒక్క మాట గురించే: మన వారం ఇచ్చి ఇంకొకరి వారం తీసుకునే ఎక్స్‌ఛేంజ్ గురించి. గిఫ్ట్ ఉత్త డిన్నర్ సెట్ అని, రెండు గంటలన్న మీటింగ్ ఐదు గంటలు సాగుతుందని, ధర "ఇవాళ ఒక్కరోజే" అంటారని మీకు చెప్పనక్కర్లేదు. అవన్నీ తెలిసినవాళ్లు కూడా ఎక్స్‌ఛేంజ్ దగ్గరే బోల్తా పడుతున్నారు, ఎందుకంటే అది వినడానికి అబద్ధంలా ఉండదు. సగం నిజం కూడా.

సీజన్ సంగతి

మన దగ్గర టైమ్‌షేర్ అంటే చాలావరకు ఏడాదికి ఏడు రాత్రుల చొప్పున పదేళ్లకో పాతికేళ్లకో ఇచ్చే మెంబర్‌షిప్. మీరు కొనేది గదిని కాదు, ఫలానా సైజు గదిలో ఫలానా సీజన్‌లో ఉండే హక్కును. ఆ సీజన్‌ను రంగులతో చెబుతారు. పర్పుల్ అన్నింటికంటే పైది, దాని కింద రెడ్, తర్వాత వైట్, అడుగున బ్లూ. పై రంగు ఉన్నవాళ్లకు సాధారణంగా కింది సీజన్లు కూడా దొరుకుతాయి, కింది రంగు కొన్నవాళ్లకు పైవి దొరకవు. ఇక్కడే ఇంకో చిక్కు కూడా ఉంది. అన్ని కంపెనీల రంగులూ ఒకటి కావు, పర్పుల్ లేని చోట రెడ్డే పై సీజన్. "రెడ్ అంటే టాప్ సార్" అని అమ్మేటాయన అన్నది ఒకచోట నిజమే, మీరు సంతకం పెడుతున్న కంపెనీలో అది రెండోది కావచ్చు. రంగు పేరు వదిలేసి క్యాలెండర్ అడగండి. ఏడాదిలో 52 వారాలకు నంబర్లు ఉంటాయి, మీరు కొనే రంగులో ఏ నంబర్లు ఉన్నాయో, ఏ రిసార్ట్‌కు ఏ వారం ఏ రంగో చూడండి. ఊటీకి, గోవాకు ఒకే చార్టు ఉండదు.

ఆ చార్టు పక్కన మన స్కూళ్ల క్యాలెండర్ పెట్టుకోండి. సాధారణంగా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు, 12న స్కూళ్లు తెరుస్తారు. దసరాకు ఇంచుమించు రెండు వారాలు, సంక్రాంతికి కొద్ది రోజులు. పిల్లలున్న ఇల్లు ఏడాదిలో కదలగలిగేది అప్పుడే. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, హైదరాబాద్ నుంచి, అటు బెంగళూరు, చెన్నైల నుంచి కూడా అందరూ అదే మే నెలలో అదే కూర్గ్, ఊటీ, కొడైకెనాల్, మున్నార్ అడుగుతారు. పర్పుల్ కొన్నవాళ్లకే అప్పుడు గది దొరకడం కష్టం. అలాంటిది జూలై వారం కొన్న మీకు ఎక్స్‌ఛేంజ్‌లో ఆ గది ఎవరు వదులుతారు?

ఎక్స్‌ఛేంజ్ అసలు ఎట్లా నడుస్తుంది

రెండు రకాలు ఉన్నాయి, మీటింగ్‌లో రెండూ కలిపేసి చెబుతారు. ఒకటి, మీరు కొన్న కంపెనీకే ఉన్న వేరే రిసార్టుల్లో ఉండటం. అది ఆ కంపెనీ బుకింగ్ రూల్స్ ప్రకారం జరుగుతుంది. రెండోది బయటి ఎక్స్‌ఛేంజ్. ఆర్‌సీఐ 1974లో, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ 1976లో అమెరికాలో మొదలయ్యాయి, ప్రపంచంలో ఈ పని ఎక్కువగా చేసేది ఈ రెండే. గోడ మీద మ్యాప్ వేసి చూపించే వేల రిసార్టులు వీటి లిస్టులోవి. అవి మీరు కొంటున్న కంపెనీవి కావు. ఎక్స్‌ఛేంజ్ కంపెనీకి మెంబర్‌షిప్ వేరే ఉంటుంది, మొదటి ఒకటి రెండేళ్లు అమ్మినవాళ్లు ఫ్రీగా ఇచ్చి ఆ తర్వాత రెన్యూవల్ మీ నెత్తిన వేస్తారు. పైగా ఎక్స్‌ఛేంజ్ కంపెనీతో ఒప్పందం ఉన్నది మీకు కాదు, రిసార్టు కంపెనీకి. వాళ్లు రేపు ఆ ఒప్పందం మానుకుంటే మ్యాప్ పోతుంది, మీ మిగతా ఇరవై ఏళ్లు మీకే ఉంటాయి.

పద్ధతి ఏంటంటే, మీ వారాన్ని వాళ్ల ఉమ్మడి ఖాతాలో వేస్తారు. ఇంకెవరో వేసిన వారం మీరు తీసుకుంటారు. మీ వారానికి ఎంత విలువ కట్టాలన్నది మూడు నాలుగు విషయాల మీద ఉంటుంది: ఆ రిసార్టుకు ఎంత గిరాకీ ఉంది, ఏ సీజన్, గది ఎంత పెద్దది, చెక్-ఇన్ తేదీకి ఎంత ముందుగా వేశారు. జూలైలో కుండపోతగా వాన పడే కొండ ఊళ్లో స్టూడియో, అంటే చిన్న సైజు గది వేస్తే దానికి తగ్గదే వస్తుంది. మార్కెట్ యార్డులో తాలు వడ్లు పోసి సన్నబియ్యం బస్తాలు ఎత్తుకుపోతానంటే ఎవరూ ఒప్పుకోరు కదా, ఇదీ అంతే. బ్లూ వేసి పర్పుల్ అడగొద్దు. అడగొచ్చు, వాళ్లు అప్లికేషన్ తీసుకుంటారు కూడా, ఆ తర్వాత మూడు నెలలు "వెయిటింగ్‌లో ఉంది సార్" అని వింటారు.

ఈ సంగతి ఎవరూ ముందు చెప్పరు: వారం ఒకసారి ఖాతాలో వేశాక అది మీది కాదు. మీకు కావాల్సింది దొరికినా దొరకకపోయినా మీ వారం పోయినట్టే, బదులుగా మీకు మిగిలేది ఒక క్రెడిట్, దానికీ గడువు ఉంటుంది. ఆ గడువులోపు దొరికిందేదో తీసుకోవాలి, లేదా పొడిగించడానికి మళ్లీ పైసలు కట్టాలి. కొన్నిచోట్ల ముందు రిక్వెస్ట్ పెట్టి, దొరికాకే మీ వారం ఇచ్చే వీలుంటుంది. ఆ వీలుందా అని అడగండి, ఉంటే అదే వాడండి.

దొరికినా ఖర్చు ఉంటుంది. ప్రతి ఎక్స్‌ఛేంజ్‌కు ఫీజు. మీ బదులు కూతురినీ అల్లుడినీ పంపితే గెస్ట్ సర్టిఫికెట్‌కు ఇంకో ఫీజు. విదేశాల్లో కొన్ని రిసార్టులు తిండీ తాగుడూ కలిపిన ప్యాకేజీ తీసుకుంటేనే లోపలికి రానిస్తాయి, అది మనిషికి రోజుకు ఇంత అని డాలర్లలో. కొన్ని రిసార్టులకు ఒకసారి వెళ్తే నాలుగేళ్ల దాకా ఎక్స్‌ఛేంజ్ మీద మళ్లీ రానివ్వరు. కొన్ని అదే ప్రాంతపు మెంబర్లను అసలే తీసుకోవు. రిసార్టు కంపెనీకి ఏటా కట్టే మెయింటెనెన్స్ బాకీ ఉంటే ఏ ఎక్స్‌ఛేంజూ కదలదు.

ఒక్క లెక్క

మెంబర్‌షిప్ 4 లక్షలు, 25 ఏళ్లు అనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 4 లక్షల 72 వేలు, ఏడాదికి 18,880 పడుతుంది. ఏటా మెయింటెనెన్స్ 18 వేలు అనుకుంటే దాని మీదా జీఎస్టీ ఉంటుంది, 21,240. రెండూ కలిపి 40,120. ఏడు రాత్రులకు భాగిస్తే రాత్రికి 5,731 రూపాయలు. ఇందులో తిండి లేదు, ప్రయాణం లేదు, ఎక్స్‌ఛేంజ్ ఫీజు లేదు, ఈఎంఐ వడ్డీ లేదు, మెయింటెనెన్స్ ఏటా పెరిగేది లేదు, ఒక ఏడాది వెళ్లకపోతే పోయేదీ లేదు. ఇప్పుడు జూలైలో అదే ఊళ్లో మంచి హోటల్ గది ఎంతకు వస్తుందో ఫోన్‌లో చూడండి. మే నెల రేటుతో పోల్చి "చూడండి సార్, సగానికి సగం మిగులు" అంటారు, మీరు కొనేది మాత్రం జూలై.

అందరికీ నష్టమే అని అనను. రిటైరైనవాళ్లు, స్కూలు గొడవ లేనివాళ్లు, వాన అంటే ఇష్టపడేవాళ్లు తక్కువ సీజన్ కొని అదే సీజన్‌లో అదే రిసార్టుకు వెళ్లి హాయిగా ఉండి వస్తున్నారు. వాళ్లు ఎక్స్‌ఛేంజ్ జోలికే పోరు, అందుకే హాయిగా ఉన్నారు.

ఇక వరసగా చెబుతున్నా, ఏది ముందు ఏది వెనక అని చూడకండి

– మీటింగ్‌లో అక్కడికక్కడే అడగండి: "వచ్చే మే రెండో వారం, కూర్గ్, నలుగురికి గది. మీ లాగిన్‌లో ఇప్పుడే తెరిచి చూపించండి." సర్వర్ డౌన్ అంటే లేచి రండి.

– వాళ్లు తెల్లకాగితం మీద పెన్నుతో గీస్తూ చెబుతారు, మే నెల చుట్టూ సున్నా చుడతారు, దుబాయ్ అని రాస్తారు, మాట అయిపోగానే ఆ కాగితాన్ని మడిచి వాళ్ల ఫైల్లోనే పెట్టుకుంటారు. ఆ కాగితం అడిగి తీసుకోండి, దాని మీద సంతకం, తేదీ పెట్టించండి. పెట్టనంటే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

– ఒప్పందంలో "లభ్యతను బట్టి" అన్న అర్థం వచ్చే మాట ఎన్నిసార్లు ఉందో చూడండి. ఎక్స్‌ఛేంజ్ పేజీలో తప్పకుండా ఉంటుంది. ఆ మాట ఉన్నచోట వాళ్లు మీకు ఏదీ ఇస్తామని ఒప్పుకోలేదు.

– నోటితో చెప్పిన హామీలేవీ చెల్లవని కూడా అందులోనే రాసి ఉంటుంది. చదవండి.

– ఇది ఆస్తి కాదు. ప్లాట్ కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరకదు, భూముల రికార్డులుండే భూభారతిలో వెతికినా కనిపించదు. గడువు అయిపోతే హక్కు అయిపోతుంది.

– "వాడుకోకపోతే కొన్నేళ్లకు లాభంతో కలిపి వాపసు ఇస్తాం" అంటే అది సెలవుల పథకమే కాదు. పాన్‌కార్డ్ క్లబ్స్ అనే కంపెనీ ఇట్లాగే హోటల్ రాత్రుల పేరుతో డబ్బు వసూలు చేస్తే, 2016లో పెట్టుబడుల నియంత్రణ సంస్థ సెబీ స్కీములు ఆపి డబ్బు వాపసు చేయమని ఆదేశించింది. అందులో పెట్టిన చిన్నచిన్న మనుషులు ఎంత ఆగమయ్యారో అందరూ చూశారు.

– స్టూడియో కొని అమ్మానాన్నలను తీసుకెళ్లలేరు. తలల లెక్క ఒప్పందంలో చూడండి. ఐదో మనిషిని రిసెప్షన్‌లో ఆపుతారు.

– మన దేశంలో టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం లేదు. యూరప్‌లో కొన్నాక 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు, ఆ లోపు అడ్వాన్స్ కూడా తీసుకోకూడదు. మనకు ఒప్పందంలో రాసినన్ని రోజులే. ఆ పేజీ ముందు వెతకండి. రద్దు చేసుకుంటున్నామని ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, ఈమెయిల్ పంపండి, రిజిస్టర్డ్ పోస్టూ పంపండి. "మేనేజర్ మాట్లాడతాడు, రెండు రోజులు ఆగండి" అంటే ఆగొద్దు, వాళ్లు లెక్కపెట్టేది ఆ రోజులనే.

– ఎదురుగా కూర్చోబెట్టి లోన్ యాప్‌లో ఈఎంఐ పెట్టిస్తారు. మెంబర్‌షిప్ రద్దయినా లోన్ దానంతట అది రద్దు కాదు.

– ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఓటీపీ చెప్పొద్దు.

– కొన్నాక అమ్మి వదిలించుకుందాం అనుకోవద్దు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు తక్కువ, కొన్నా ట్రాన్స్‌ఫర్ ఫీజు ఉంటుంది. "మీ మెంబర్‌షిప్‌కు పార్టీ రెడీగా ఉంది, ఎన్‌ఓసీకి, ట్యాక్స్‌కు ముందు ఇంత పంపండి" అని ఫోన్ వస్తే అది రెండో మోసం, మొదట పోగొట్టుకున్నవాళ్లనే వెతుక్కుంటూ వస్తుంది. పైసా పంపొద్దు. పంపేసి ఉంటే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

– సీజన్ అప్‌గ్రేడ్ చేస్తాం, పాత డబ్బు కలుపుతాం అని మళ్లీ పిలుస్తారు. పోవద్దు. బ్లూ మీద ఇంకో లక్ష పెట్టి వైట్ తీసుకున్నా మే రాదు.

– మళ్లీ చెబుతున్నా, మీరు వెళ్లగలిగే వారం మీరు కొన్న రంగులో లేకపోతే కొనొద్దు. ఎక్స్‌ఛేంజ్ ఉంది కదా అనొద్దు.

– ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. దారికి రాకపోతే కేసు వేయండి. కంపెనీ ముంబైలో ఉన్నా చెన్నైలో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, నల్లగొండవాళ్లు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌వాళ్లు మహబూబ్‌నగర్‌లో. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, వకీలు ఉండి తీరాలని లేదు.

– కేసుకు గడువు రెండేళ్లు. "ఈసారి దొరకలేదు, వచ్చే సెలవులకు తప్పకుండా సర్దుతాం" అని వాళ్లు సరిగ్గా ఆ రెండేళ్లూ తిప్పుతారు. అందుకే మే నెలకు అడిగిన ప్రతిసారీ ఈమెయిల్‌లోనే అడగండి, లేదన్న జవాబు కూడా ఈమెయిల్‌లోనే తెప్పించుకోండి, వాటిని వరసగా ప్రింట్ తీసి పెట్టుకోండి.