ఏ బ్యాగు మిగిలినా రోజు గడవాలి: పసిఫిక్ దీవుల్లో జంటగా తిరిగేవాళ్ళకి

ఫిజీలో ఒక చిన్న దీవి. పెద్ద పడవ ఒడ్డుదాకా రాదు. నీళ్ళలోనే ఆగితే, దీవి నుంచి చిన్న మోటారు పడవలొచ్చి మనుషుల్నీ సామాన్నీ దించుకుపోతాయి. మేమిద్దరం ఒక పడవెక్కాం, మా బ్యాగుల్లో ఒకటి పక్క దీవికి పోయే పడవెక్కింది. అంతకు రెండు రోజుల ముందు మా ఆయన మడమ మీద పగడం గీరుకుంది. పెన్నుతో గీత గీసినట్టుంది, అంతే. బ్యాగు పోయిన ఆ సాయంత్రానికి దాని చుట్టూ ఎర్రగా వాచి, చెయ్యి పెడితే కాలింది.

"ఆ మందుల సంచీ ఇలా ఇవ్వు."

"మీ బ్యాగులోనేగా పెట్టాను."

"నా బ్యాగు ఏదీ?"

మర్నాడు మధ్యాహ్నానికి బ్యాగు తిరిగొచ్చింది, కాలూ నయమైంది. కానీ ఆ రాత్రి సబ్బునీళ్ళతో పుండు కడుగుతూ ఒకటి అర్థమైంది. మందులు నీ దగ్గర, డబ్బు నా దగ్గర అని పంచుకోవడం ఇంట్లో బాగానే ఉంటుంది, దీవుల మధ్య పనికిరాదు. ఏ బ్యాగు మిగిలినా దాంతో ఇద్దరికీ రెండు రోజులు గడవాలి. అంటే మందులు చెరి సగం, నగదు చెరి సగం, టార్చి, విజిల్, నీళ్ళు శుద్ధిచేసే మాత్రలు రెండు బ్యాగుల్లోనూ. పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ ఒంటి మీద, అవతలి వాళ్ళ పాస్‌పోర్టు నకలు మన ఫోన్లో. కార్డులు వేర్వేరు బ్యాంకులవి. గది పేరు, పడవ టైము, ఇన్సూరెన్స్ నంబరు కూడా ఇద్దరికీ తెలియాలి. బుక్ చేసిన మనిషికి జ్వరమొస్తే రెండో మనిషి గుడ్లు తేలేసి కూర్చోవడం మేం చాలాచోట్ల చూశాం.

ఇక కాలం సంగతి. దక్షిణ పసిఫిక్‌లో తుపాన్ల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. టికెట్లు, గదులు చవగ్గా దొరికేవీ ఆ రోజుల్లోనే, అందుకే చేతిలో డబ్బు తక్కువున్న జంటలు అప్పుడే బయల్దేరతాయి. 2015 మార్చిలో పామ్ అనే తుపాను వనువాటును, 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ అనే తుపాను ఫిజీని చిన్నాభిన్నం చేశాయి. మే నుంచి అక్టోబరు మధ్య వెళ్ళగలిగితే సగం భయం పోతుంది. తప్పక తుపాన్ల కాలంలోనే వెళ్తుంటే చివరి దీవికీ ఇంటికొచ్చే విమానానికీ మధ్య కనీసం మూడు రోజులు ఖాళీగా ఉంచండి. తుపాను ఇంకా దూరంగా ఉండగానే పడవలు ఆపేస్తారు. ఇన్సూరెన్స్ ముందే కొనాలి. తుపానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ సాధారణంగా ఆ తుపాను నష్టానికి పనికిరాదు. పాలసీలో అత్యవసర విమాన తరలింపు ఉందో లేదో, స్కూటరు ప్రమాదం వర్తిస్తుందో లేదో ఇద్దరూ విడివిడిగా చదవండి. "ఆయన చదివాడులే" అనుకుంటే ఎవరూ చదవనట్టే.

సునామీ గురించి మాత్రం వెళ్ళిన రోజే మాట్లాడుకోవాలి. 2009 సెప్టెంబరు 29 పొద్దున సమోవాలో భూమి కంపించిన నిమిషాల్లోనే అలలు ఒడ్డు మీది పల్లెల్ని తుడిచేశాయి. అంత దగ్గర భూకంపానికి సైరన్ మోగేదాకా ఆగితే ఆలస్యమైపోవచ్చు. నిలబడలేనంత గట్టిగా కంపించినా, నిమిషానికి పైగా కంపించినా, సముద్రం వింతగా వెనక్కి తగ్గినా అదే హెచ్చరిక. ఇక్కడే జంటలకి అసలు ప్రమాదం. ఒకరు గదిలో, ఒకరు ఒడ్డున ఉంటే ఇద్దరూ ఒకరికోసం ఒకరు కిందికి పరిగెడతారు. అందుకని బ్యాగు దించగానే చుట్టూ చూసి ఒక ఎత్తైన చోటు అనుకోండి, గుట్ట మీది చర్చో, బడో. భూమి కదిలితే ఎవరికి వాళ్ళు అక్కడికే పరుగు, వెతుక్కోవడాలు లేవు. మొదటిసారి ఈ మాట అనుకున్నప్పుడు నాకు మనసొప్పలేదు. కానీ అవతలి మనిషి కచ్చితంగా పైకే వెళ్తాడన్న నమ్మకం ఉంటేనే మన కాళ్ళు పైకి నడుస్తాయి.

పడవల్లో కూడా కలిసి కూర్చోండి, అదీ పైన. 2009 ఆగస్టులో టోంగాలో ప్రిన్సెస్ అషికా అనే ఫెర్రీ రాత్రిపూట మునిగి 74 మంది పోయారు. ఆడవాళ్ళూ పిల్లలూ లోపల నిద్రపోతున్నారు, బతికి బయటపడ్డవాళ్ళంతా మగవాళ్ళే. లోపల మెత్తటి సీటు ఉందని ఒకర్ని పంపించి ఇంకొకరు గాలికోసం పైన నిలబడకండి. లైఫ్‌జాకెట్లు ఎక్కడున్నాయో కళ్ళతో చూశాకే కూర్చోవాలి. పడవ కిక్కిరిసి ఉంటే దిగిపోండి, డబ్బు పోతే పోయింది.

దీవి చుట్టూ గోడలా ఉండే పగడపు గట్టుని రీఫ్ అంటారు, దానికీ ఒడ్డుకీ మధ్య నీళ్ళని లగూన్ అంటారు. లగూన్ నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి భయం వెయ్యదు. కానీ అలలు రీఫ్ మీదుగా లోపలికి తోసిన నీళ్ళన్నీ రీఫ్‌లో ఉన్న ఏదో ఒక సందులోంచే బయటికి పోవాలి. ముదురు నీలంగా కనిపించే ఆ సందు దగ్గర ఈత వద్దు, సముద్రం తగ్గే పాటు సమయంలో అసలే వద్దు. ఎక్కడ దిగాలో ఊళ్ళోవాళ్ళని అడగండి. లాక్కుపోతుంటే ఎదురీదకుండా తేలుతూ చెయ్యెత్తాలి. ఒడ్డున ఉన్న రెండో మనిషి వెంటనే దూకకూడదు, తేలేదేదైనా విసిరి మనుషుల్ని పిలవాలి.

తిండిలో భయపడాల్సింది సిగ్వాటెరాకి. రీఫ్ దగ్గర తిరిగే పెద్ద చేపల్లో ఉండే విషం ఇది. రుచి మారదు, వాసన రాదు, ఎంత ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు, మూతి తిమ్మిరి, చల్లటి నీళ్ళు ముట్టుకుంటే కాలినట్టుండటం దీని గుర్తులు. బరకూడా, మోరే ఈల్, పెద్ద గ్రూపర్ జోలికి పోకండి. మిగతావి ఆ ఊరివాళ్ళు ఏది తింటే అది. మాకున్న నియమం ఇంకోటి: అనుమానమున్న పూట ఇద్దరూ ఒకే చేప తినరు.

పగలు కుట్టే దోమలతో డెంగ్యూ భయం. జ్వరమొస్తే డాక్టరు చూసేదాకా పారాసెటమాలే, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. మలేరియా ఫిజీ, సమోవా, టోంగాల్లో లేదు. వనువాటు, సాలమన్ దీవుల్లో ఉంది. దోమల వల్ల వచ్చే జికా అనే వైరస్ లైంగికంగా కూడా అంటుకుంటుంది కనక పిల్లల కోసం అనుకుంటున్నవాళ్ళు బయల్దేరేముందే డాక్టరుతో మాట్లాడాలి. గర్భిణులైతే మరీ.

మర్యాదల దగ్గర పొరపాటు చేస్తే ప్రాణం పోదు కానీ పరువు పోతుంది. ఫిజీ పల్లెలోకి వెళ్తే కావా అనే మొక్క వేళ్ళ కట్ట (వాటితో అక్కడి పానీయం చేస్తారు) పట్టుకెళ్ళి ఊరిపెద్దకి ఇవ్వాలి, దాన్ని సెవుసెవు అంటారు. టోపీ తీసెయ్యాలి, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి. పల్లెల్లో చేతులు పట్టుకుని తిరగడం, ముద్దులాడటం మానుకోండి. టోంగాలో మగవాళ్ళు చొక్కా లేకుండా వీధిలో తిరగడం చట్టవిరుద్ధం. ఆదివారం అక్కడ దుకాణాలు ఉండవు, దేశంలోపలి విమానాలూ ఎగరవు. నీళ్ళూ బ్రెడ్డూ శనివారమే కొనుక్కోండి.

తేదీ రేఖతో జాగ్రత్త, అంటే పసిఫిక్ మధ్యలో దాటితే తేదీ మారిపోయే ఊహారేఖ. ఫిజీలో శనివారం ఎక్కితే కుక్ దీవుల్లోని రరోటోంగాలో శుక్రవారం దిగుతారు. సమోవా 2011లో ఆ రేఖకి రెండో వైపుకి మారడానికి డిసెంబరు 30ని క్యాలెండర్లోంచే తీసేసింది. పక్కనున్న అమెరికన్ సమోవా ఇప్పటికీ ఒక రోజు వెనకే. గది బుక్ చేసేటప్పుడు ఒకరు లెక్కకట్టండి, ఇంకొకరు సరిచూడండి.

అక్కణ్ణించి న్యూజిలాండ్ కొండలకి పోయేవాళ్ళు విమానం ఎక్కేముందే బూట్ల అడుగు పుల్లతో గీకి కడుక్కోండి. బూట్లు, టెంటు, తిండి అన్నీ దేశంలోకి వచ్చేవాళ్ళు ఇచ్చే డిక్లరేషన్‌లో రాయాలి. రాయడం మర్చిపోయిన ఒక్క ఆపిల్‌పండుకీ 400 న్యూజిలాండ్ డాలర్లు అక్కడికక్కడే కట్టిస్తారు. లోయల్లో ఫోన్ పనిచెయ్యదు కాబట్టి ఆపదలో నొక్కితే మనమున్న చోటు సాయం చేసేవాళ్ళకి తెలిపే లొకేటర్ బీకన్ అద్దెకి తీసుకుని, దాన్ని నొక్కడం ఇద్దరూ నేర్చుకోండి. ఎప్పటికి తిరిగొస్తారో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్ళండి.

అక్కడ భయపడాల్సింది కొండల్లోని ఏరులకి. నీళ్ళు మట్టిరంగు తిరిగినా, కొమ్మలు కొట్టుకొస్తున్నా, అడుగున రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినపడినా దిగకూడదు. ఈ గుర్తులేవీ లేనప్పుడు దిగాల్సి వస్తే బ్యాగు ఛాతీ పట్టీ విప్పి, ఒకరి వెనక నుంచి ఒకరు చెయ్యి పోనిచ్చి బ్యాగు పట్టుకుని, బలమైన మనిషి ప్రవాహానికి ఎగువన ఉండి కలిసి అడుగెయ్యాలి. ఇద్దరిలో ఎవరు ముందు "వెనక్కి" అంటే వాళ్ళ మాటే, కారణం అడగకూడదు. ఒక సాయంత్రం నేనన్నాను. మా ఆయన మొహం మాడ్చుకుని రాత్రి బస చేసే గుడిసెదాకా మాట్లాడలేదు, గుడిసెలో పోట్లాడుకున్నాం. రాత్రి వాన ఆగింది. పొద్దున అదే ఏరు ఆయన మోకాళ్ళ కిందికి వచ్చింది.