ఒక్క ఫోనుతో తరగతి మొత్తానికి సైన్స్ పాఠం

హైదరాబాద్ బస్తీల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాంకేతికతతో సైన్స్ చెప్పాలనుకునే ఉపాధ్యాయులు మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను పొద్దున్నే తండ్రితో పాటు ఆటో ఎక్కి వెళ్లిపోతుంది. నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల క్రితం తొమ్మిదో తరగతికి ఆన్‌లైన్ క్విజ్ పెడితే కంప్యూటర్ గదిలో వెలిగినవి నాలుగు తెరలే; సగం పీరియడు లాగిన్లకే సరిపోయింది. అప్పటి నుంచి ఉపాధ్యాయుడి చేతిలోని ఫోనుతోనే నడిచే పద్ధతులను ఎంచుకుంటున్నాను.

వాటిలో నాకు బాగా ఉపయోగపడినవి ప్లికర్స్ కార్డులు. నలుపు తెలుపు గడులతో ముద్రించిన ఈ కార్డు నాలుగు అంచుల మీద ఎ, బి, సి, డి అక్షరాలు చిన్నగా ఉంటాయి. తన జవాబు ఉన్న అంచు పైకి వచ్చేలా విద్యార్థి కార్డును పట్టుకుంటే, ఉపాధ్యాయుడు ఫోను కెమెరాను తరగతి అంతా తిప్పుతాడు. ఎవరు ఏమన్నారో తెర మీద కనిపిస్తుంది. ప్రతి కార్డు గడులూ వేరు కనుక పక్కవాడిని చూసి రాయడం కుదరదు. రాయవలసిన పనే లేదు కనుక ఉర్దూ, హిందీ మాతృభాషగా ఉన్న పిల్లలు కూడా వెనకబడరు. కార్డులను పాత శుభలేఖల అట్టకు అంటిస్తే చాలు. మెరిసే లామినేషన్ మాత్రం చేయించవద్దు, వెలుతురు పడితే కెమెరా వాటిని చదవలేదు.

పదో తరగతి విద్యుత్ పాఠాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఒక ఘటానికి (బ్యాటరీకి) ఒకేరకం బల్బులు రెండింటిని శ్రేణిలో, అంటే ఒకదాని తరువాత ఒకటిగా, కలిపిన వలయాన్ని బోర్డు మీద గీసి, ఏ బల్బు ఎక్కువగా వెలుగుతుందని అడగాలి: ధనధ్రువానికి దగ్గరున్నదా, రుణధ్రువానికి దగ్గరున్నదా, రెండూ సమానంగానా, లేక రెండూ వెలగవా? మొదటి బల్బు కరెంటును కొంత తినేస్తుందని నమ్మే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. ఆ నమ్మకాన్ని బయటికి రప్పించడానికే ఈ ప్రశ్న. అందుకే జవాబు అప్పుడే చెప్పకూడదు. బెంచీలో పక్కవారితో మూడు నిమిషాలు వాదించుకోనిచ్చి, మళ్లీ స్కాన్ చేయాలి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే.

ఆ తరువాతే సిమ్యులేషన్, అంటే ప్రయోగాన్ని తెర మీద చేసి చూసే వీలున్న ప్రోగ్రాం, తెరవాలి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లు ఉచితం. ఇంట్లో ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే బడిలో ఇంటర్నెట్ లేకుండానే బ్రౌజరులో నడుస్తాయి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. అయితే తెర మీద చూసినదాన్ని పిల్లలు బొమ్మగానే లెక్కిస్తారని నా అనుభవం. కోఠి గుజరాతీ గల్లీలో టార్చి బల్బులు, హోల్డర్లు, వైర్లు కొని అదే వలయాన్ని బల్ల మీద కట్టించాలి. ఒక బల్బును విప్పితే రెండోది ఏమవుతుందో ముందు కార్డులతో చెప్పించి, ఆ తరువాతే విప్పించాలి.

తొమ్మిదో తరగతి ధ్వని పాఠానికి జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వారి ఫైఫాక్స్ యాప్ చాలు. రెండో ఫోను సోషల్ సారు దగ్గర అరువు తెచ్చుకోవచ్చు. ఫోన్లను 5 మీటర్ల దూరంలో పెట్టి, రెండింటిలోనూ శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ తెరవాలి. మొదటి ఫోను దగ్గర ఒకరు చప్పట్లు కొడితే రెండూ మొదలవుతాయి, రెండో ఫోను దగ్గర మరొకరు కొడితే రెండూ ఆగుతాయి. ఆ రెండు కాలాల తేడాయే ధ్వని 10 మీటర్లు ప్రయాణించే కాలం. 25 డిగ్రీల వద్ద ధ్వని వేగం సెకనుకు సుమారు 346 మీటర్లు కనుక తేడా 0.029 సెకన్ల దగ్గర రావాలి. రోడ్డు మీద హారన్ మోగినా వాచీ మొదలవుతుంది కనుక యాప్‌లో శబ్దపు హద్దును పెంచుకోవాలి.

ఏ ఫోనూ లేని రోజున తంబోలా ఉంది. మొదటి 20 మూలకాల్లో నచ్చిన తొమ్మిదింటి సంకేతాలను పిల్లలు నోటుపుస్తకంలో గీసుకున్న తొమ్మిది గడుల్లో నింపుకోవాలి. ఉపాధ్యాయుడు పేరు చెప్పకుండా "2, 8, 1" అని ఎలక్ట్రాన్ విన్యాసం (ఒక్కో కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో) చదివితే సోడియం రాసుకున్నవారు కొట్టేయాలి. అందరికంటే ముందు ఐదు కొట్టేసి జల్దీ ఫైవ్ అని లేచినవారు కొట్టేసిన మూలకాల్లో ఒకదాని విన్యాసాన్ని బోర్డు మీద వేసి చూపించాలి. తప్పితే ఆ బహుమతి చెల్లదు, ఆట సాగుతుంది.