జైపూర్ ఎయిర్‌స్ట్రిప్‌కి కరెంటు విమానం రావాలంటే ముందు ఏం చేయాలి

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జైపూర్‌లో సబ్‌స్టేషన్ పనుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. మా ఎయిర్‌స్ట్రిప్ చిన్నది. 2022లో భువనేశ్వర్ నుంచి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ రావడం మొదలైంది. పొగ రాని విమానాలు ముందు పెద్ద నగరాలకే వస్తాయని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. బ్యాటరీ విమానం ఎక్కువ దూరం పోలేదు. జైపూర్ నుంచి విశాఖకి గాల్లో దాదాపు 145 కిలోమీటర్లు, దానికి సరిపడే దూరం ఇదే. పైగా ఇలాంటి కారవాన్‌కే ఎలక్ట్రిక్ మోటార్ బిగించి 2020 మేలో అమెరికాలోని మోజెస్ లేక్‌లో అరగంట ఎగరేశారు. టికెట్ కొన్న ప్రయాణికులతో రోజూ తిరిగే రోజు ఇంకా రాలేదు, నిజమే. కానీ లైను వేయడానికి, అనుమతులు తేవడానికి ఏళ్లు పడతాయి. మన సరిహద్దు జిల్లాల్లో డిప్లొమా చదివిన పిల్లలు ఈ పని ఇప్పుడే నేర్చుకోవాలని నా కోరిక.

ముందు లోడు లెక్క వేయండి. కారవాన్ సైజు విమానం గాల్లో దాదాపు 400 కిలోవాట్లు లాగుతుంది. విశాఖకి అరగంట, కొండలు దాటే ఎత్తుకి ఎక్కడానికి ఇంకొంత కలిపితే నా అంచనా 250 యూనిట్లు. అరగంటలో అంత నింపాలంటే 500 కిలోవాట్ల చార్జర్, దానికి 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) లైను, కనీసం 630 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. రోజుకి ఒకటి రెండు విమానాల కోసం అంత డిమాండ్ చార్జీ (తీసుకున్న లోడుని బట్టి కట్టే రుసుము) నెలనెలా కట్టడం దండగ.

అందుకే చార్జర్ పక్కన నేల మీదే ఒక పెద్ద బ్యాటరీ పెట్టండి. మూడు గంటలకో విమానం వస్తుందనుకుంటే, ఆ మూడు గంటలూ లైను నుంచి 100 కిలోవాట్లు నిదానంగా నింపుకుంటే చాలు. విమానం రాగానే బ్యాటరీ ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌తో పని మొదలవుతుంది. ప్లింత్ (ట్రాన్స్‌ఫార్మర్ కింది దిమ్మె) మాత్రం తర్వాత పెంచుకునేలా 630కి సరిపడా కట్టించండి. ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, ఎయిర్‌స్ట్రిప్‌కి విడిగా ఉండాలి. వేసవి గాలివానకి చెట్టు కొమ్మ పడి ట్రిప్ అయితే విమానం నేల మీదే ఉండిపోతుంది. రన్‌వే దగ్గర స్తంభాలు ఎలాగూ కుదరవు కాబట్టి చివరి భాగం అండర్‌గ్రౌండ్ కేబులే వేయాలి.

ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే పొగ ఇక్కడ మానేసి ఇంకో ఊళ్లో లేస్తుంది, అంతే తేడా. మన అదృష్టం, 320 మెగావాట్ల అప్పర్ కొలాబ్, 120 మెగావాట్ల మాచ్‌కుండ్ జలవిద్యుత్ కేంద్రాలు రెండూ ఈ జిల్లాలోనే ఉన్నాయి. సోలార్ కూడా పెట్టొచ్చు. 2015లో కొచ్చిన్ విమానాశ్రయం పూర్తిగా సోలార్ మీదికి మారింది. కాకపోతే ప్యానెళ్ల మెరుపు దిగే పైలట్ కళ్లలో పడకుండా ముందే చూసుకోవాలి.

చాలా తక్కువ ఖర్చుతో అయ్యేదీ, అందరూ మర్చిపోయేదీ పైపుల పని. విమానాలు ఆగే చోట ఎప్పుడు కాంక్రీటు కొత్తగా వేసినా తర్వాత కేబుళ్లు దూర్చడానికి కింద ఖాళీ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులు నాలుగైదు వేయించండి. తర్వాత కాంక్రీటు పగలగొట్టడం కంటే ఈ పైపుల ఖర్చు ఎంతో తక్కువ. మా వానలకి కేబుల్ చాంబర్లు నిండిపోతాయి, కాబట్టి నీరు పోయే వాలు ఇవ్వండి. ఎర్త్ పిట్ (కరెంటు భూమిలోకి పోయే గొయ్యి) రెసిస్టెన్స్‌ని వానాకాలంలో కొలిచి, తక్కువగా వచ్చిందని సంతోషపడకండి. ఇక్కడ పైన ఎర్రమట్టి, కింద రాయి, మే నెలలో కొలిస్తేనే అసలు విలువ తెలుస్తుంది.

చార్జర్‌ని అన్నిటికంటే చివర కొనండి. కొన్ని కంపెనీలు కార్ల సీసీఎస్ ప్లగ్ వాడుతున్నాయి, కొన్ని సొంతది చేసుకున్నాయి. ఇది ఇంకా తేలలేదు.

రన్‌వే గురించి ఒక మాట. ఇంధనం కాలేకొద్దీ మామూలు విమానం తేలికవుతుంది, బ్యాటరీ విమానం మాత్రం ఎంత బరువుతో లేస్తుందో అంతే బరువుతో దిగుతుంది. రన్‌వే బలం, పొడవు ఆ లెక్కతో సరిచూడమని సివిల్ వాళ్లని అడగండి.

ఫైర్ సిబ్బందికి శిక్షణ మారాలి. లిథియం బ్యాటరీ మంటకి నురగ చాలదు, చాలాసేపు నీళ్లు కొట్టి చల్లార్చాలి. ఆరిందనుకున్న కొన్ని గంటలకి కూడా మళ్లీ అంటుకుంటుంది. అందుకని అలాంటి విమానాన్ని లాగి ఒంటరిగా నిలిపే చోటు, పక్కనే పెద్ద నీళ్ల ట్యాంకు ఉండాలి.

హైడ్రోజన్‌కి ఇప్పటికి స్థలం వదిలితే చాలని నా అభిప్రాయం. 2023 జనవరిలో బ్రిటన్‌లో డోర్నియర్ 228కి ఒక పక్క హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌తో (హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే పరికరం) నడిచే మోటార్ పెట్టి ఎగరేశారు, అంటే ఇది కూడా వస్తోంది. ట్యాంకర్లలో సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కించి తేవడం కంటే ఇక్కడే నీటి నుంచి తీయడం మేలు. కిలోకి 50 నుంచి 55 యూనిట్లు, పది లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. నిల్వ చేసే షెడ్డుకి పైకప్పు తెరిచి ఉంచాలి, ఎందుకంటే ఆ గ్యాస్ పైకి పోతుంది. మూసిన కప్పు కింద చేరితే ప్రమాదం. సెన్సర్లు కూడా పైనే బిగించాలి. దాని మంట పగటి వెలుగులో కంటికి ఆనదు కాబట్టి సిబ్బందికి థర్మల్ కెమెరా ఇవ్వాలి.

హెచ్‌టీ లైనుకి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి, హైడ్రోజన్ నిల్వకి నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్, విమానాశ్రయ మార్పులకి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి కావాలి. మూడింటికీ ఒకే లేఅవుట్ పంపండి. అందులో చార్జర్, ఫైర్ ట్యాంకు, హైడ్రోజన్ స్థలం మధ్య దూరాలు మీటర్లలో రాసి ఉండాలి.