గ్రిన్నెల్ ఓడల దారిని కాగితం మీద గీయడం ఎలా

ఆర్కిటిక్‌లో తప్పిపోయిన ఒక బ్రిటిష్ బృందాన్ని వెతకడానికి గ్రిన్నెల్ అనే అమెరికా వ్యాపారి పంపిన ఓడల దారి ఇది. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఏటా ఈ పటం వేయిస్తాను. గోడ మ్యాపు దీనికి పనికిరాదు, ధ్రువం దగ్గర దూరాలన్నీ సాగిపోయి ఉంటాయి. ఒక తెల్ల చార్టు, కంపాస్ బాక్సు చాలు.

మధ్యలో చుక్క పెట్టండి, అది ఉత్తర ధ్రువం. దాని చుట్టూ 3, 6, 9 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో మూడు వృత్తాలు గీస్తే అవి 80, 70, 60 డిగ్రీల అక్షాంశాలు. సెంటీమీటరుకి దాదాపు 370 కిలోమీటర్లు. చుక్క నుంచి నిలువుగా కిందికి గీసేది సున్నా రేఖాంశం. పశ్చిమ డిగ్రీలు దానికి ఎడమవైపు కొలవాలి. పిల్లలు తరచూ కుడికి కొలుస్తారు, అక్కడ సైబీరియా వస్తుంది.

చుక్కలకు ముందు కథ చెప్పండి. 1845లో ఆర్కిటిక్‌లోకి వెళ్ళిన బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఫ్రాంక్లిన్, ఆయన మనుషులు, మొత్తం 129 మంది తిరిగి రాలేదు. ఆయన భార్య జేన్ 1849లో అమెరికా అధ్యక్షుడికి ఉత్తరం రాసి సాయం అడిగింది. న్యూయార్క్ ఓడల వ్యాపారి హెన్రీ గ్రిన్నెల్ సొంత డబ్బుతో అడ్వాన్స్, రెస్క్యూ అనే రెండు ఓడలు కొని అమెరికా నౌకాదళం చేతిలో పెట్టాడు. అడ్వాన్స్ 144 టన్నులు, రెస్క్యూ 91 టన్నులే. వెతకబోయేది తన దేశంవాళ్ళను కాదు. ఈ మాట దగ్గర నేను తొందరపడను.

మొదటి చుక్క కెనడా ఉత్తరాన ఉన్న బీచీ దీవి: పశ్చిమ రేఖాంశం 92 డిగ్రీలు (కింద ఇచ్చేవన్నీ పశ్చిమ డిగ్రీలే), ధ్రువం నుంచి 4.6 సెంటీమీటర్లు. 1850 ఆగస్టులో అక్కడ ఫ్రాంక్లిన్ మనుషుల మూడు సమాధులు కనిపించాయి. ఆ తర్వాత ఓడలు శీతకాలమంతా మంచులో ఇరుక్కుని కొట్టుకుపోయాయి. అయినా 1851లో అందరూ ప్రాణాలతో ఇల్లు చేరారు.

రెండో చుక్క గ్రీన్‌లాండ్ వాయవ్య తీరం: 71 డిగ్రీలు, 3.4 సెంటీమీటర్లు. 1853లో గ్రిన్నెల్ మళ్ళీ ఇచ్చిన అడ్వాన్స్‌ని అమెరికా నౌకాదళ వైద్యుడు ఎలైషా కేన్ ఇక్కడిదాకా తెచ్చాడు, అది మంచులో బిగుసుకుపోయింది. మూడో చుక్క గ్రీన్‌లాండ్ పడమటి తీరంలోని ఉపెర్నవిక్ అనే ఊరు: 56 డిగ్రీలు, 5.2 సెంటీమీటర్లు. ఓడ వదిలి, పడవలు లాక్కుంటూ ఈ రెండు సెంటీమీటర్ల దూరం రావడానికి 1855 మే నుంచి ఆగస్టు దాకా పట్టింది.

ఇప్పుడు కింగ్ విలియం దీవి: 97 డిగ్రీలు, 6.3 సెంటీమీటర్లు. ఫ్రాంక్లిన్ ఓడలు చిక్కుకున్నది ఆ పక్కనే. కేన్ చుక్క నుంచి స్కేలు పెట్టి పిల్లల్నే కొలవనివ్వండి: మూడున్నర సెంటీమీటర్లు, అంటే 1,300 కిలోమీటర్లు. అంత దూరంగా, మరీ ఉత్తరాన వెతికారు.

ఆఖరున గ్రీన్‌లాండ్‌కి పడమట ఉన్న ఎల్స్‌మియర్ దీవిలో, 80 డిగ్రీల వృత్తం దగ్గర, గ్రిన్నెల్ లాండ్ అని రాయించండి. అక్షరాలు చిన్నవిగా ఉండాలి, అక్కడ చోటు తక్కువ.