కూరగాయలకి వాడుక: వేసవిలో తోట నుంచి నేరుగా ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

పాలకి వాడుక పెట్టుకోవడం మనందరికీ తెలిసిందే. ఫలానా వాళ్ళింట్లో పాలు బాగుంటాయని తెలిస్తే రోజూ వాళ్ళ దగ్గరే పోయించుకుంటాం. ఆవు వట్టిపోయినా, దూడ తాగేసినా ఆ పూట సర్దుకుంటాం. శ్రీకాకుళంలో మా వీధి వాళ్ళం పది ఇళ్ళు కలిసి ఐదేళ్ళుగా కూరగాయలకి కూడా అలాగే వాడుక పెట్టుకున్నాం. ఆమదాలవలస వైపు ఎకరంన్నరలో కూరగాయలు వేసే ఒక కుటుంబానికి సీజన్‌కి ముందే కొంత డబ్బు ఇస్తాం. వారానికి రెండుసార్లు ఎవరి వాటా వాళ్ళు తెచ్చుకుంటాం. పంట బాగుంటే సంచి నిండుతుంది, తగ్గితే ఉన్నదే పంచుకుంటాం.

జపాన్‌లో 1970లలో గృహిణులు రైతులతో ఇలాగే ఒప్పందాలు చేసుకుని దానికి ‘తెయ్‌కెయ్’ అని పేరు పెట్టుకున్నారు. అమెరికాలో ఇలాంటి తోటలు 1986లో మొదలయ్యాయి. మన ఊళ్ళో ఎవరైనా మొదలుపెట్టాలంటే ఏం చేయాలో, మాకు ఎక్కడ దెబ్బ తగిలిందో కలిపి చెబుతాను.

సంక్రాంతి వెళ్ళగానే రైతుని వెతకండి

ఎండలు ముదిరాక వెతికితే ఆలస్యమైపోయినట్టే. వేసవి కూరలకి విత్తు పడేది జనవరి, ఫిబ్రవరిలో. బెండ విత్తిన 45, 50 రోజులకి కాయ తెగుతుంది, బీర ఇంకో వారం పది రోజులు తీసుకుంటుంది, ఆనపకి, అదే సొరకాయకి, రెండు నెలలు పడుతుంది. తోటకూర ఒక్కటే నెల తిరక్కుండా చేతికొస్తుంది. మార్చి చివరి నుంచి కూరలు రావాలంటే మాట సంక్రాంతి కనుమలు అవగానే అనుకోవాలి.

ఎక్కడ వెతకాలి? రైతు బజారే మంచి చోటు. 1999 జనవరిలో ఇవి మొదలైనప్పటి ఉద్దేశమే రైతు దళారీ లేకుండా అమ్ముకోవాలని. పొద్దున్నే వెళ్ళి, అన్ని రకాలూ పేర్చుకున్న వాళ్ళని కాకుండా మూడు నాలుగు రకాలే కొంచెం కొంచెంగా తెచ్చి కూర్చున్న వాళ్ళని పలకరించండి. అవి సొంత తోటవి అయ్యే అవకాశం ఎక్కువ. ప్రకృతి సేద్యం చేసే వాళ్ళు కావాలంటే ఊళ్ళో రైతు సేవా కేంద్రంలోనో, పొదుపు సంఘం ఆడవాళ్ళనో అడగండి. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఈ పనిని గ్రామాల్లో ఎక్కువగా మహిళా సంఘాల ద్వారానే నడిపిస్తోంది. కాబట్టి ఎవరు చేస్తున్నారో సంఘంలో అందరికీ తెలుస్తుంది.

బస్సో ఆటోనో ఎక్కితే అరగంటలో చేరే తోట చూసుకోండి. అంతకన్నా దూరమైతే మే నెలలో ఓపిక ఉండదు.

తోట చూడకుండా డబ్బు ఇవ్వకండి

ఒకసారి వెళ్ళి, గట్టు మీద కూర్చుని మాట్లాడితే సగం సంగతులు తెలిసిపోతాయి. ముందు నీళ్ళు అడగండి. బోరు మే నెలలో ఎన్ని గంటలు పోస్తుంది, కరెంటు ఏ వేళల్లో ఉంటుంది అన్నవి తేలాలి. తర్వాత మడి వంక చూడండి. పురుగుని అడ్డుకోవడానికి చుట్టూ బంతో, జొన్నో వేశారా? పాదుల మొదట్లో గడ్డీ ఆకూ కప్పారా? కప్పితే తడి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. ప్రకృతి సేద్యంలో ఎరువుగా పోసే ద్రవజీవామృతం నీడన డ్రమ్ములో ఉంటే మూత తీయమనండి. 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు పులియబెడతారు. సరిగ్గా పులిస్తే పుల్లటి వాసన వస్తుంది, కుళ్ళు కంపు ఉండదు.

మందు ఎప్పుడైనా కొడతారా అని సూటిగానే అడగండి. మా రైతు మొదటి ఏడాది చెప్పిన మాట నాకు ఇప్పటికీ నచ్చుతుంది: “వంగకి పురుగు పట్టిందంటే వేపకషాయానికి ఒక్కోసారి లొంగదమ్మా. అప్పుడు చెప్తాను, ఆ వారం వంకాయ పట్టుకెళ్ళకండి.” అన్నట్టే రెండుసార్లు చెప్పారు. ఆ నిజాయితీ చూశాక మేం ఇంకే కాగితమూ అడగలేదు.

డబ్బు, వాటా, నష్టం: మూడూ ముందే మాట్లాడుకోండి

మా లెక్క ఇది. ఇంటికి వారానికి 400 రూపాయలు, మార్చి చివర నుంచి జూన్ మధ్య దాకా 12 వారాలు. అంటే ఇంటికి 4,800. అందులో సగం జనవరిలోనే ఇస్తాం. పది ఇళ్ళవీ కలిస్తే 24,000 అవుతుంది. విత్తనం, పందిరికి వెదుళ్ళు, తీగ, దుక్కి ఖర్చు వాళ్ళకి ఆ నెలలోనే పడతాయి. అదే డబ్బు మే నెలలో ఇస్తే అప్పు తెచ్చినవాళ్ళకి వడ్డీ అప్పటికే మొదలైపోయి ఉంటుంది. మిగతా సగం నెలనెలా ఇస్తాం.

ఎంత కూర వస్తుందన్నది కూడా మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళకి రోజుకి 400 గ్రాముల కూరగాయలు తినమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఆ లెక్కన నలుగురికి వారానికి పదకొండు కిలోలు దాటుతుంది. మా ఇళ్ళల్లో నిజంగా తినేది ఎనిమిది కిలోలు. అందుకని ఎనిమిదికే ఒప్పుకున్నాం. ఎక్కువ కాసిన వారం అదనం కూడా ఇస్తారు.

నష్టం సంగతి మాట్లాడ్డానికి అందరికీ మొహమాటమే, కానీ తప్పదు. రెండో ఏడాది ఏప్రిల్ ఆఖర్లో సాయంత్రం పూట ఈదురుగాలి వచ్చి బీర పందిరి మొత్తం నేలకి వాలిపోయింది. ఆ వారం సంచిలో తోటకూర, రెండు దోసకాయలు, గుప్పెడు పచ్చిమిర్చి, అంతే. పదింట్లో ఒకరు డబ్బు వెనక్కి అడిగారు. వాళ్ళ తప్పు లేదు, ముందు ఆ మాట అనుకోకపోవడం మా తప్పు. ఇప్పుడు జనవరిలోనే ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాం: గాలికి, నీటి ఎద్దడికి, తెగులుకి పోయింది అందరిదీ. ఆ పేజీ కింద అందరం సంతకాలు పెడతాం.

తెచ్చుకునే రోజు

బుధ, ఆదివారాలు, ఉదయం ఏడున్నర లోపు. తెల్లవారుజామున కోసిన కాయలో చల్లదనం ఉంటుంది. తొమ్మిది తర్వాత ఎండలో ప్రయాణం చేస్తే అది పోతుంది. వంతులు వేసుకుని ఒకరు ఆటోలో అందరివీ తెస్తారు. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టకండి, లోపల ఉమ్మదీసి ఆకుకూర అక్కడే చీకిపోతుంది. తడిపిన గోనెసంచి పైన కప్పి తేవాలి.

ఇంటికి రాగానే చేయాల్సింది

సంచి తెచ్చి అలాగే ఫ్రిజ్‌లో తోసేయడం మేమూ చేశాం. రెండు రోజులకే బెండ నల్లమచ్చలు పడిపోయింది. బెండ, వంకాయ, కీరదోస మరీ చల్లదనాన్ని తట్టుకోలేవు. వీటిని కడక్కుండా పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్ తలుపు దగ్గరో, కింది కూరల డబ్బాలోనో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి. ఆకుకూరని వేళ్ళు కోసి, పాడైన ఆకులు ఏరేసి, నీళ్ళు పిండిన పల్చటి గుడ్డలో చుట్టండి. పసుపు దోసకాయలకి, గుమ్మడికి ఫ్రిజ్ అక్కర్లేదు. గాలి ఆడే నీడలో దోస వారాలు, గుమ్మడి నెలలు నిలుస్తాయి. మా అత్తగారు దోసకాయల్ని ఒకదానికొకటి తగలకుండా తాడుతో కట్టి వంటింటి దూలానికి వేలాడదీసేవారు. నేను ఇప్పుడు బాల్కనీ కొక్కేనికి అలాగే వేలాడదీస్తాను.

ఇసుక పోసిన జంట కుండల్లో కూరలు చల్లగా ఉంటాయని చాలామంది చెబుతారు. పొడి గాలి ఉన్న చోట అది బాగా పనిచేస్తుంది. మనది సముద్రం పక్క, గాలిలో తేమ ఎక్కువ. నీళ్ళు ఆవిరైతేనే కుండ చల్లబడుతుంది కాబట్టి ఇక్కడ అంత ఫలితం రాదు. పండబెట్టిన మామిడిపండ్లు, అరటిపండ్ల పక్కన మాత్రం ఆకుకూర, దోస పెట్టకండి. పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి అవి త్వరగా పసుపుబారతాయి.

ఆనపకాయ కోసేటప్పుడు ఒక జాగ్రత్త. నీటి ఎద్దడి, ఎండ ఎక్కువైనప్పుడు కాయలో చేదు పుడుతుంది. తొడిమ వైపు చిన్న ముక్క కోసి నాలుకకి తాకించి చూడండి. చేదు తగిలితే కాయ మొత్తం పారేయండి. ఉడికించినా ఆ చేదు పోదు, వాంతులు విరేచనాలతో మనిషిని పడేస్తుంది. పచ్చి రసం తాగేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బీర, దోసకీ ఇదే పరీక్ష.

వచ్చిందే వండాలి

అసలు కష్టం ఇక్కడుంది. డబ్బు ముందుగా ఇవ్వడం తేలికే. వరసగా నాలుగు వారాలు ఆనపకాయ వస్తే విసుక్కోకుండా తినడమే పెద్ద పని. మాలో మానేసిన ఇళ్ళు రెండూ డబ్బు కోసం మానలేదు, ‘మళ్ళీ ఆనపకాయేనా’ అని పిల్లలు గొడవ చేస్తే మానేశాయి.

ముందు టమాటాని మరిచిపోండి. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పువ్వు పిందె పట్టదు, రాలిపోతుంది. అందుకే మన పక్క మే నెలలో తోటలో టమాటా అడగడం రైతుని ఇబ్బంది పెట్టడమే. పులుపుకి ఆ రోజుల్లో మనకేం లోటు? పచ్చి మామిడికాయ ఉంది, చింతచిగురు ఉంది, చుక్కకూర, గోంగూర ఉన్నాయి. బెండకాయ పులుసులో మామిడి ముక్క, పప్పులో చింతచిగురు వేస్తే టమాటా గుర్తుకే రాదు.

ఆనపకాయని ఒక్క కూరగా చూడకండి. చెక్కు తీసి నువ్వులతో పచ్చడి నూరుకోవచ్చు. లేత ముక్కలకి పాలు పోసి కూర చేస్తే జ్వరం వచ్చి లేచినవాళ్ళు కూడా తింటారు. ముదురు ముక్కలు గుమ్మడి, ములక్కాడతో దప్పళానికి పోతాయి. నాకు అన్నిటికన్నా ఇష్టం తెలగపిండితో, అంటే నువ్వుల నుంచి నూనె తీశాక మిగిలే పిండితో. ముక్కలు ఉప్పు, పసుపు వేసి మునిగేంత నీళ్ళలో ముప్పావు వంతు ఉడికాక తెలగపిండి పైనంతా చల్లి, కలపకుండా మూత పెట్టాలి. అయిదారు నిమిషాలకి పిండి తడి పీల్చుకుని పొడిపొడిగా విడుతుంది. అప్పుడు వెల్లుల్లి దంచి, ఎండుమిర్చి తుంచి, కాస్త ఎక్కువ నూనెతో పోపు పెట్టి కలపాలి. నూనె తగ్గిస్తే గొంతు పట్టేస్తుంది, అక్కడ పిసినారితనం వద్దు.

గోరుచిక్కుడు ఎండకి భయపడని పంట. ఏది పోయినా అది ఉంటుంది. ఉడికించి, నీళ్ళు వార్చి, పోపులో వేసి చల్లారాక నూరిన ఆవ కలపండి. వేడి మీద ఆవ కలిపితే చేదెక్కుతుంది. ఉద్దానం నుంచి పచ్చి పనసకాయ దొరికే రోజులు కూడా ఇవే కాబట్టి మేం సీజన్‌లో రెండుసార్లు కవిటి వైపు నుంచి కాయలు తెప్పించుకుని, చేతికి, కత్తికి నూనె రాసుకుని పొట్టు కొడతాం. దానికీ ఆవ పద్ధతి ఇదే, పలాస జీడిపప్పు నాలుగు పలుకులు పోపులో వేస్తే చాలు.

పిల్లలకి ఒక పని చెప్పండి. సంచి విప్పేటప్పుడు వాళ్ళనే కూర్చోబెట్టి బెండకాయ కొన విరవమనండి. ‘టక్’మంటే వేపుడికి, వంగితే పులుసుకి, అసలు విరక్కపోతే విత్తనానికి. మా చిన్నది ఈ ఆట కోసమే బుధవారం త్వరగా లేస్తుంది.

మిగిలినవి ఎండబెట్టండి

రోహిణి కార్తె ఎండ వృథా పోనివ్వకండి. గోరుచిక్కుడు, కాకర ముక్కలు ఉప్పు వేసి ఒక పొంగు రానిచ్చి, పుల్ల మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండబెట్టాలి. సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగ ఇగిరిపోయాక ఇంకో మూడు రోజులు గలగలలాడేదాకా ఎండిస్తే వరుగులు ఏడాది నిలుస్తాయి. శ్రావణంలో ముసురు పట్టిన రోజు పప్పులోకి వేయించుకుంటే చాలు.

ఆఖరి వారం

జూన్ మధ్యలో ఆఖరి సంచి తెచ్చుకునే రోజు అందరం తోటకే వెళ్తాం. నోట్‌బుక్ తీసి బాకీలు సరిచూసుకుంటాం, ఏ కూర ఎక్కువైంది, ఏది చాలలేదు అన్నది వాళ్ళ ముందే రాస్తాం. పోయిన ఏడాది ‘ఆనప రెండు పాదులు తగ్గించి పొట్ల వేయండి’ అని రాశాం, వేశారు. అప్పటికి వాళ్ళు ఖాళీ మడుల్లో నవధాన్యాలు చల్లడానికి విత్తనాలు కలుపుతూ ఉంటారు. మేం ఇంట్లో కోసిన పండు గుమ్మడి గింజల్ని కడిగి, బూడిద పట్టించి, నీడన ఆరబెట్టి కాగితం పొట్లాల్లో తీసుకెళ్ళి వాళ్ళకి ఇస్తాం. పొట్లం మీద ఇంటి పేరు రాస్తాం, ఎవరి గింజ ఎలా కాసిందో వచ్చే వేసవిలో చూసుకోవడానికి.